ఈ పిల్లకి ఎవరి పోలిక?

బుట్టలో అరటిపళ్ళు నాలుగు రోజులు మాగితే చాలు, ఎక్కడినుంచి వస్తాయోగాని చిన్న చిన్న ఈగలు ముసురుకుంటాయి. నువ్వుగింజంత ఒళ్ళు, ఎర్రటి కళ్ళు. కొంగుతో విసిరితే లేచి మళ్ళీ అక్కడే వాలతాయి. మనమైతే పళ్ళ మీద పల్చటి గుడ్డ కప్పి, మిగిలినవి ఆ పూటే పిల్లలకి పెట్టేసి ఊరుకుంటాం. కాని ఈ ఈగల కోసం పనిగట్టుకుని వంట చేసేవాళ్ళున్నారంటే నమ్ముతారా? వాటికి వేళకి తిండి, సీసాల్లో కాపురం, పెళ్ళి సంబంధాలు, పిల్లాపాపల లెక్కలు, అన్నీ చూసే మనుషులు ఉన్నారండీ. వాళ్ళకి జీతాలు కూడా ఇస్తారు!

మా అక్క కూతురు బెంగళూరులో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. "ఏం చదువే నీది?" అని ఎప్పుడడిగినా "ఈగలు, పిన్నీ" అని నవ్వేది. కిందటేడు వేసవిలో నేను వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు "రా పిన్నీ, మా ఈగల వంటిల్లు చూపిస్తాను" అని తీసుకెళ్ళింది. ప్రయోగశాల అంటే తెల్లకోట్లు, గాజు గొట్టాలు, రంగునీళ్ళు ఉంటాయని ఊహించుకున్నాను. వెళ్ళి చూస్తే ముందు గదిలో పెద్ద స్టవ్వు, దాని మీద కళాయంత గిన్నె, గరిటె పట్టుకుని కలుపుతున్న ఒకావిడ!

ఏం వండుతున్నారో చెప్పనా? మొక్కజొన్న పిండి, చక్కెర, రొట్టెలవాళ్ళు వాడే ఈస్టు, చైనా గ్రాస్. కొన్ని లాబుల్లో చక్కెర బదులు బెల్లం పాకం పోస్తారట. ఉండ కట్టకుండా కలుపుతూ ఉడికించి, దించాక బూజు పట్టకుండా ఒక మందు చుక్క వేసి, వేడివేడిగా సీసాల్లో పోస్తారు. అది మన జున్నులా గడ్డకడుతుంది. పూర్తిగా చల్లారి తడి ఆరాకే ఈగల్ని వదలాలి. లేకపోతే రెక్కలు అంటుకుని చచ్చిపోతాయి. పలచనైతే ఈగ మునుగుతుంది, గట్టిబడితే పురుగు తొలవలేదు. ఆవిడకి పాకం చెయ్యి తిరిగింది. "ఈవిడ రెండు రోజులు రాకపోతే మా అందరి థీసిస్‌లూ ఆగిపోతాయి" అంది మా అమ్మాయి. నవ్వుతూ అన్నా, ఉన్నమాటే అంది.

లోపలి గదిలో గోడ పొడుగునా అరలు, అరల నిండా సీసాలు, ప్రతి సీసాకీ దూది బిరడా, పేరు రాసిన చీటీ. మన ఊరగాయల గది గుర్తొచ్చిందండీ నాకు. ఒక్కో సీసాలో ఒక్కో వంశం. వాటిని రెండు మూడు వారాలకోసారి కొత్త తిండి ఉన్న సీసాలోకి మార్చాలి. మరిచిపోతే ఆ వంశం అంతరించినట్టే. మనం పెరుగు తోడు కాపాడుకుంటామే, నిన్నటిది ఇవాళ్టికి, ఇవాళ్టిది రేపటికి, అలా ఏళ్ళతరబడి కాపాడుకుంటూ వస్తారు. ప్రపంచంలోని లాబుల్లో కొన్ని వంశాలకి వందేళ్ళు దాటాయి.

ఇంకో బల్ల దగ్గర ఇద్దరు పిల్లలు భూతద్దం లాంటి యంత్రంలో కళ్ళు పెట్టి, బొమ్మలేసే కుంచెతో ఏదో చెరుగుతున్నారు. అచ్చం మనం చేటలో బియ్యం ఏరినట్టే. మత్తు గాలి ఇచ్చి పడుకోబెట్టిన ఈగల్లో ఆడవి ఒకపక్క, మగవి ఒకపక్క వేరుచేస్తున్నారు. ఆడ ఈగ కాస్త పెద్దది. మగదానికి తోక చివర నల్లగా ఉంటుంది. పుట్టిన ఎనిమిది గంటల్లోపే ఆడపిల్లల్ని వేరుచేయాలట. ఆలస్యమైతే ఎవరి సంతానమో లెక్క తప్పుతుంది. అందుకే ఈ లాబ్ పిల్లలు పండగనక, ఆదివారమనక పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి తీరాలి. గుడ్డు నుంచి ఈగ కావడానికి పది రోజులే కాబట్టి మనుషుల్లో దాదాపు ముప్పై తరాలకి పట్టే లెక్క ఏడాదిలో తేలుతుంది. "అందరూ మమ్మల్ని సైంటిస్టులంటారు పిన్నీ, మేం చేసేది సగం ఇంటిపనే" అంది మా అమ్మాయి. వండటం, కడగటం, ఏరటం, చీటీలు రాయటం, వేళ తప్పకుండా చూసుకోవటం. నిజమే కదూ!

ఇంత శ్రమ దేనికి? ఏ ఇంట్లోనైనా బిడ్డ పుట్టగానే అడిగే ప్రశ్నకి జవాబు కోసం. "ఈ పిల్లకి ఎవరి పోలిక?" ముక్కూ మొహం సంగతి కాదు, అది అద్దంలో కనిపిస్తుంది. బుద్ధి సంగతి. ఒకడికి కోపం ఎక్కువ, ఒకతెకి నిద్ర ఎక్కువ, ఒకడు చెప్పింది ఇట్టే పట్టుకుంటాడు, ఒకడికి పదిసార్లు చెప్పాలి. ఇవి పుట్టుకతో వచ్చినవా, పెంపకంతో వచ్చినవా? దీన్ని తేల్చే చదువుకి ప్రవర్తనా జన్యుశాస్త్రం అని పేరు.

ఈ ఈగల దారి పట్టించిన వాళ్ళలో ముఖ్యుడు సీమోర్ బెంజర్ అని అమెరికా ఆయన. 1921లో న్యూయార్క్‌లో పుట్టాడు. చదివింది భౌతికశాస్త్రం. తర్వాత సూక్ష్మజీవుల మీద పనిచేసి గొప్ప పేరు తెచ్చుకున్నాడు. అలాంటివాడు నలభై దాటాక ఈగల వైపు ఎందుకు తిరిగాడంటే, కారణాల్లో ఒకటి ఆయన ఇంట్లోనే ఉంది. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. రెండోపిల్ల పుట్టాక, ఇద్దరి స్వభావాలూ ఎంత వేరో ఆయన కంటబడింది. ఒకే ఇల్లు, ఒకే తల్లి, ఒకే తండ్రి, ఇంత తేడా ఎక్కడినుంచి వచ్చింది అనుకున్నాడు. ఒక బిడ్డతో ఈ ప్రశ్న రాదు. ఇద్దర్ని పెంచిన ఏ తల్లినైనా అడగండి, క్షణంలో అర్థం చేసుకుంటుంది. తేడా ఏమిటంటే మనం ఆశ్చర్యపోయి ఊరుకున్నాం, ఆయన కాలిఫోర్నియాలో కాల్టెక్ అనే విద్యాసంస్థలో దానికోసం ఒక లాబ్ పెట్టాడు.

1967లో ఆయన వాడిన పరికరం చూస్తే నవ్వొస్తుంది. రెండు వరసల పరీక్షనాళికలు, ఒక దీపం, అంతే. ఈగల్ని ఒక చివరకి తట్టి, రెండో చివర వెలుతురు పెట్టాడు. వెలుతురు వైపు పరిగెత్తినవాటిని పక్క నాళికలోకి మార్చి మళ్ళీ తట్టాడు. ఇలా నాలుగైదు సార్లు చేసేసరికి జల్లెడ పట్టినట్టు ఈగలన్నీ వేరుపడ్డాయి. ప్రతిసారీ వెలుతురుకి పోయేవి ఒక కొసన, ఒక్కసారీ కదలనివి ఇంకో కొసన, మిగిలినవి మధ్యన. అలా విడిపోయినవాటిలో ఏ జన్యువు మారిందో వెతకటం మొదలుపెట్టాడు. ఒక్క జన్యువు మార్పుతో ఈగ ప్రవర్తన మారవచ్చని 1956లోనే ఇంగ్లండులో మార్గరెట్ బాస్టాక్ అనే ఆవిడ చూపించింది. పచ్చటి ఒళ్ళున్న ఒక రకం మగ ఈగలు ఆడదాన్ని మెప్పించడంలో వెనకబడతాయని తేల్చింది. బెంజర్ లాబ్‌లో అదే పని వేల సీసాల మీద సాగింది.

ఆ లాబ్‌లో రొనాల్డ్ కొనోప్కా అని ఒక విద్యార్థి ఉండేవాడు. పండుఈగలు గూడు చీల్చుకుని బయటికొచ్చేది ఎక్కువగా తెల్లవారుజామున, గాలిలో తేమ ఉన్న వేళ. గడియారం లేని ఈగకి వేళ ఎలా తెలుస్తుంది? దాని ఒంట్లోనే గడియారం ఉండి ఉండాలి. అలాగైతే గడియారం చెడిన ఈగ కూడా ఎక్కడో ఉంటుంది. ఈ ఒక్క ఆలోచనతో ఆ అబ్బాయి చక్కెర నీళ్ళల్లో జన్యువుల్ని మార్చే మందు కలిపి మగ ఈగలకి తాగించి, వాటి సంతానంలో వేళ తప్పి పుట్టేవాటి కోసం సీసా తర్వాత సీసా కాపలా కాశాడు. జరగని పని అన్నారు పెద్దలు. జరిగింది. 1971లో బెంజర్, కొనోప్కా కలిసి ప్రకటించారు. ఒక రకం ఈగల రోజు 19 గంటలే. ఇంకో రకానిది 28 గంటలు. మూడో రకానికి పగలూ రాత్రీ తేడాయే లేదు. చిత్రం ఏమిటంటే ఈ మూడు లోపాలూ ఒకే జన్యువులోవి. దానికి పీరియడ్ అని పేరుపెట్టారు.

ఇక్కడ మనలాంటి ఇల్లాలి గురించి చెప్పాలి. కొనోప్కా పని అంత సులువుగా సాగడానికి వాడిన ఆడ ఈగలు మామూలువి కావు. మామూలుగా మగబిడ్డకి ఎక్స్ అనే క్రోమోజోమ్ తల్లినుంచే వస్తుంది. మనుషుల్లోనూ అంతే. కాని ఆ ఆడ ఈగల్లో రెండు ఎక్స్‌లూ ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. అందువల్ల తండ్రి ఎక్స్ నేరుగా కొడుకులకి దిగుతుంది. తండ్రిలో మార్పు ఉంటే కొడుకులందరిలోనూ బయటపడుతుంది. ఈ ఈగల్ని కనిపెట్టి 1922లో ప్రకటించినావిడ లిలియన్ వాన్ మోర్గాన్. ఈగలతో జన్యుశాస్త్రాన్ని నిలబెట్టి 1933లో నోబెల్ బహుమతి పొందిన థామస్ హంట్ మోర్గాన్ భార్య. పెళ్ళికి ముందే ఆవిడ పరిశోధకురాలు. 1904లో పెళ్ళయి, నలుగురు పిల్లల్ని పెంచే ఏళ్ళలో ప్రయోగాలు పక్కన పెట్టింది. పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ లాబ్‌లో ఒక బల్ల దగ్గర కూచుంది. జీతం లేదు, హోదా లేదు. ఆవిడకంటూ ఒక ఉద్యోగపు పేరు ఇచ్చింది 1946లో, భర్త పోయిన మరుసటి ఏడు, వయసు డెబ్బై ఐదు దాటాక! ఇంటిపనితో పదేళ్ళు పోయాయి, ఇంకేం చేస్తాం అనుకునే అక్కచెల్లెళ్ళు ఈవిడని ఒక్కసారి తలుచుకోండి.

మన దేశంలోనూ ఈ పని మొదలై చాలాకాలమైంది. బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఒబైద్ సిద్దిఖీ 1962లో జీవశాస్త్ర విభాగం ప్రారంభించారు. 1970ల మొదట్లో బెంజర్ లాబ్‌కి వెళ్ళి ఆయనతో కలిసి పనిచేశారు. వేడి పెరగ్గానే చచ్చుబడి కిందపడి, చల్లబడగానే ఏమీ ఎరగనట్టు లేచి నడిచే ఈగల మీద వాళ్ళిద్దరి పరిశోధన 1976లో వచ్చింది. తిరిగొచ్చాక బొంబాయిలో వాసన తెలియని ఈగల్ని, రుచి తెలియని ఈగల్ని వెతకటంలో ఆయనకి తోడుగా నిలిచింది వెరోనికా రోడ్రిగ్స్. కెన్యాలో పుట్టిన గోవావాళ్ళ అమ్మాయి. ఐర్లండులో చదివి, సిద్దిఖీ గారి పని గురించి చదివి, వెతుక్కుంటూ బొంబాయి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఆవిడ 2010లో, సిద్దిఖీ గారు 2013లో కాలం చేశారు. ఇవాళ మన దేశంలో ఈగలతో పనిచేసే లాబుల్లో ఎన్నో వాళ్ళ శిష్యులవి, శిష్యుల శిష్యులవి.

సరే, ఈగ గడియారంతో మనకేం పని అంటారా? ఉందండీ. 1984లో అమెరికాలో రెండు లాబులు ఆ పీరియడ్ జన్యువుని విడదీసి చూశాయి. ఆ పని చేసిన జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి బెంజర్ పోయి పదేళ్ళు, కొనోప్కా పోయి రెండేళ్ళు. అదే జన్యువుకి చుట్టం మన ఒంట్లోనూ ఉంది. అమెరికాలో యూటా రాష్ట్రంలో ఒక కుటుంబంలో కొందరికి సాయంత్రం ఏడున్నరకే కళ్ళు మూతపడతాయి, తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తుంది. దానికి కారణం ఆ చుట్టం జన్యువులో మార్పేనని 2001లో తేలింది. మరి రాత్రి ఎంతకీ నిద్ర పట్టక, పొద్దున లేవలేనివాళ్ళ సంగతి? అలాంటి కొన్ని కుటుంబాల్లో ఇంకో గడియారపు జన్యువులో మార్పు ఉందని 2017లో యంగ్ గారి లాబ్ వాళ్ళే చూపించారు.

అది మా అమ్మాయి నోట విన్నప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

నాకు చిన్నప్పటినుంచీ రాత్రిళ్ళు మెలకువ. పది దాటాకే నా బుర్ర పనిచేసేది. కుట్టుపనైనా చదువైనా అప్పుడే. పొద్దున మాత్రం ఆరింటికి లేవాలంటే ఒళ్ళు బండబారిపోయేది. మా అక్క నాలుగున్నరకి దానంతటదే లేచి కూచునేది. మమ్మల్నిద్దర్నీ ఒకే మంచం మీద, ఒకే వేళకి పడుకోబెట్టింది అమ్మ. నాకు పెళ్ళయింది. అత్తవారింట్లో నాలుగింటికి కళ్ళాపి, నాలుగున్నరకి స్టవ్వు. నేను లేచేదాన్ని. అలారం పెట్టుకుని, చన్నీళ్ళు మొహాన కొట్టుకుని లేచేదాన్ని. ఎప్పుడైనా అరగంట ఆలస్యమైందా, నన్ను ఒక్కమాట అనేవాళ్ళు కాదు. "పుట్టింట్లో నేర్పలేదు" అనేవాళ్ళు. పురుడుకి వచ్చిన మా అమ్మ వినేట్టుగా కూడా అన్నారు. ఆవిడ తల వంచుకుని బిడ్డకి నలుగు పెడుతూ కూచుంది. జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఆవిడ దగ్గర ఏముంది? "మొక్కై వంగనిది మానై వంగునా" అని అందరూ నమ్మే ఇంట్లో, వంగని మొక్కకి దోషం తోటమాలిదే కదా.

నాకు ఆ జన్యువు ఉందో లేదో పరీక్ష చేయించుకోలేదు, అవసరమూ లేదు. మనలో చాలామందికి నిద్రవేళ ఒకే జన్యువు మీద ఆధారపడదు. చిన్న చిన్న పోగులు ఎన్నో కలిసి, వాటితోపాటు వయసు, అలవాటు, కంటికి తగిలే వెలుతురు కలిసి నేసిన బట్ట అది. కాని ఒక్కటి మాత్రం ఆ సీసాల గదిలో నాకు స్థిరపడింది. పొద్దున్నే మెలకువ రావడం సుగుణం కాదు, రాకపోవడం దుర్గుణం కాదు. ఎర్ర కళ్ళు, తెల్ల కళ్ళు లాంటిదే అది కూడా. దానికి ఒక తల్లి తలవంచుకోవాల్సిన పనిలేదు. ఆ మాట మా అమ్మతో చెబుదామంటే ఆవిడ లేదు. మీకు చెబుతున్నాను.

అయితే ఆగండి. ఇది విని రెండో వైపుకి ఒరిగిపోకండి. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని ఇంకో సామెత మన దగ్గర సిద్ధంగా ఉంటుంది. అవసరాన్ని బట్టి మనం రెండు సామెతలూ వాడతాం. మన పిల్ల మంచి మార్కులు తెచ్చుకుంటే పెంపకం, పక్కింటి పిల్ల తప్పు చేస్తే రక్తం! ఈ రక్తం మాట ఎంత అన్యాయం చేస్తుందో అమెరికాలో చూశారు. తల్లికి బుద్ధిమాంద్యం, కూతురికీ అదే, ఆ కూతురి పసిబిడ్డకీ అదే అని తేల్చి, క్యారీ బక్ అనే యువతికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయవచ్చని 1927లో అక్కడి సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. ఆ మాట పడ్డ పసిపిల్ల తర్వాత బడిలో చేరి మంచి విద్యార్థుల జాబితాలో పేరు తెచ్చుకుంది. పాపం, ఎనిమిదేళ్ళకే పోయింది. అప్పుడు శాస్త్రం పేరు పెట్టి చెప్పింది శాస్త్రం కాదు, తొందరపాటు.

ఈగల లాబుల్లోనే దీనికి మందు కూడా దొరికింది. 1974లో బెంజర్ లాబ్‌లోనే చిప్ క్విన్, విలియం హారిస్ అనేవాళ్ళు ఈగలకి పాఠం చెప్పవచ్చని చూపించారు. ఒక వాసన వచ్చినప్పుడు చిన్న షాక్ ఇస్తే, తర్వాత ఆ వాసనకి దూరంగా పోతాయి. రెండేళ్ళ తర్వాత పాఠం నిలవని ఒక రకం ఈగలు దొరికాయి. వాటికి డన్స్ అని, అంటే మందమతి అని పేరుపెట్టారు. ఇంతవరకూ పుట్టుక కథే. కాని 1994లో ఇంకో లాబ్ వాళ్ళు మామూలు ఈగలకే పాఠం రెండు రకాలుగా చెప్పి చూశారు. కొన్నిటికి వరసగా పదిసార్లు, ఊపిరాడకుండా. కొన్నిటికి అవే పదిసార్లు, మధ్యమధ్య పావుగంట విరామంతో. విరామంతో నేర్చుకున్న ఈగలకి పాఠం వారం రోజులు గుర్తుంది. ఏకబిగిన నేర్పినవి అంతకాలం గుర్తుంచుకోలేకపోయాయి. ఈగలు అవే, జన్యువులు అవే. మారింది నేర్పిన పద్ధతి. పరీక్షల ముందు రాత్రి పిల్లల్ని కూచోబెట్టి రుద్దే తల్లులం ఇది కాస్త ఆలోచించాలి.

అంటే ఏమన్నమాట? పుట్టుక అబద్ధం కాదు, పెంపకం అబద్ధం కాదు. పప్పు ఎంతసేపటికి ఉడుకుతుందన్నది పప్పుని బట్టీ ఉంటుంది, నీళ్ళని బట్టీ ఉంటుంది. ఇందులో పప్పు వంతెంత, నీళ్ళ వంతెంత అని ఒక్క గిన్నెని చూసి చెప్పగలమా? వేల సీసాలు పక్కపక్కన పెట్టి, తిండి ఒక్కటే, వెలుతురు ఒక్కటే, వేడి ఒక్కటే ఉండేట్టు చూసి, ఏళ్ళతరబడి లెక్కపెట్టేవాళ్ళే జాగ్రత్తగా మాట్లాడతారు. ఆ వంటావిడ ప్రతిసారీ ఒకే పాళ్ళలో వండాలని అంత పట్టుదల ఎందుకో నాకప్పుడు అర్థమైంది. తిండిలో తేడా వస్తే, ఈగలో కనిపించిన తేడా పుట్టుకదో తిండిదో ఎవరూ చెప్పలేరు. లక్షలు పోసి కొన్న యంత్రాలున్న చోట ఆ ప్రశ్న అంతా ఆవిడ గరిటె మీద నిలబడి ఉంది. అలాంటి లెక్క ఏదీ లేకుండా, గుమ్మంలో నిలబడి ఒక పిల్లని ఒక్క చూపు చూసి, "తల్లిని చూసి పిల్లని, పాడిని చూసి బర్రెని" అనేస్తాం మనం.

కాబట్టి ఇంట్లో పొద్దున లేవలేని పిల్లో, కొత్త కోడలో ఉంటే రెండు పనులు చేసి చూడండి. రాత్రి తొమ్మిది దాటాక పెద్ద లైట్లు, ఫోన్ల వెలుతురు తగ్గించండి. పొద్దున లేవగానే కిటికీ తెరిచి, కాఫీ గ్లాసు చేతికిచ్చి వాకిట్లోనో డాబా మీదో ఓ పావుగంట కూచోబెట్టండి. ఒంట్లో గడియారాన్ని సరిదిద్దేది పొద్దుటి వెలుతురే. పదిహేను, పదహారేళ్ళ పిల్లలకైతే ఆ వయసులో గడియారం దానంతటదే వెనక్కి జరుగుతుంది, మళ్ళీ పెద్దయ్యాక సర్దుకుంటుంది. ఇన్ని చేసినా ఆ మనిషి రాత్రి మనిషిగానే ఉంటే, ఉండనివ్వండి. ఇంట్లో రాత్రి పనులూ ఉంటాయి. పాలు తోడు పెట్టాలి, పప్పు నానబోయాలి, మర్నాటి కూరలు తరగాలి, తలుపులు వేసి గ్యాస్ కట్టేయాలి. పొద్దుటి పని చేసినవాళ్ళకే పుణ్యం, రాత్రి పని లెక్కలోకి రాదు అనడం ఎక్కడి న్యాయం? మా ఇంట్లో ఇప్పుడు మా కోడలు, నేను అలాగే పంచుకున్నాం. ఆవిడ ఐదింటి మనిషి, నేను పదకొండింటి మనిషిని. వంటిల్లు ఖాళీగా ఉండేది మధ్యలో కాసేపే.

ఇక చుట్టాలెవరైనా వచ్చి, మీ పిల్ల వంక చూసి "దీనికి ఈ బుద్ధులు ఎవరి పోలికండీ?" అని అడిగితే కంగారుపడి అటు పుట్టింటినీ ఇటు అత్తింటినీ వెతకకండి. "అది తేల్చడానికి దేశదేశాల్లో సీసాలు కడుగుతున్నారు. తొందరేం లేదు, కూచోండి, కాఫీ తెస్తాను" అని చెప్పండి.